ముత్తాత రంగం నుంచి తెచ్చిన చైనా జాడీ: ఏ కాలానిది, ఎవరికి చూపించాలి?

రంగం మనవరాలు (విశాఖ)

అందరికీ నమస్కారం, చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెల మా పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేస్తూ నాకో జాడీ ఇచ్చింది. నీలం తెలుపు పింగాణీ, 22 సెంటీమీటర్ల ఎత్తు, భుజాల దగ్గర ఉబ్బి కిందకి సన్నబడుతుంది. నీలం అంతా పగిలిన అద్దంలా గీతలు గీతలుగా ఉంటుంది, దాని మీద తెల్ల పువ్వుల కొమ్మలు. అడుగున రెండు నీలం రింగులు, లోపల నాలుగు చైనా అక్షరాలు. పింగాణీ మూత ఎప్పుడో పగిలిపోయిందట, ఇప్పుడున్నది చెక్క మూత.

మా ముత్తాత (అమ్మ వాళ్ళ తాతయ్య) రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి రేవులో పనిచేశాడు, 1930లో తిరిగొచ్చేశాడు. వచ్చేటప్పుడు అక్కడ చైనా షాపాయన ఇచ్చాడని, అది చైనా రాజుగారిదని, మూడొందల ఏళ్ళదని ఇంట్లో చెప్పుకుంటారు. మా అమ్మమ్మ మాత్రం దాన్లో యాభై ఏళ్ళు ఆవకాయ పెట్టింది 🙂 మెడ దగ్గర వెంట్రుకంత సన్న చీలిక ఉంది, నూనె పీల్చి గోధుమరంగు అయిపోయింది.

ఇక్కడ పాత సామాన్లు కొనే ఒకాయనకి చూపిస్తే కనీసం తిప్పి చూడకుండా ఎనిమిది వేలు ఇస్తానన్నాడు, ఇవ్వనని ఇంటికొచ్చేస్తే సాయంత్రం ఫోన్ చేసి పాతిక వేలు అన్నాడు. అప్పట్నుంచి మా తమ్ముడు ఇది లక్షల్లో ఉంటుందని కూర్చున్నాడు. నాకు అమ్మాలని లేదు, అసలు ఇదేంటో తెలుసుకోవాలని ఉంది. ఎవరిని అడగాలి? ఫోటోలు పెట్టాను.

అనకాపల్లి బెల్లం

అమ్మా, రంగం అనే మాట చూసి కళ్ళు చెమర్చాయి. మా నాన్నగారి అన్నగారు కూడా అక్కడే. మనోళ్ళని అక్కడ కోరంగీలనేవారు, కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళేవారు కాబట్టి. 1930 అన్నారు గదా, ఆ ఏడు మే నెలలో రంగం రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు, కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దింపాయి, సమ్మె అయ్యాక మళ్ళీ మనోళ్ళని తీసుకుని వాళ్ళని పొమ్మనేసరికి పెద్ద గొడవలైపోయాయి, ఎంతోమంది మనవాళ్ళు చచ్చిపోయారు, ఎంతోమంది దొరికిన ఓడెక్కి వచ్చేశారు. మీ ముత్తాతగారు అప్పుడే వచ్చుంటారు. అంత హడావిడిలో కూడా జాడీ పగలకుండా తెచ్చాడంటే ఎంత ప్రాణంగా చూసుకున్నాడో. జాడీ సంగతి నాకు తెలీదు గానీ, పెద్దమ్మగారికి గుర్తున్నదంతా ముందు రాసిపెట్టుకో తల్లీ.

పింగాణీ ప్రేమి (సింగపూర్)

చక్కని జాడీ అండీ. ఇక్కడికొచ్చిన 20 ఏళ్ళుగా ఇలాంటివే చూస్తున్నా కొంటున్నా, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట, అడుగు ఫోటో తలకిందులుగా పెట్టారు, తిప్పుకుని చూడండి. చైనా అక్షరాలు పైనుంచి కిందకి, కుడి వరస నుంచి ఎడమ వరసకి చదవాలి. మీ దాని మీద కుడి వరస "కాంగ్ షీ", ఎడమ వరస "నియన్ జి", అంటే కాంగ్‌షీ ఏలుబడిలో చేసినది అని అర్థం. కాంగ్‌షీ చక్రవర్తి 1661లో గద్దెనెక్కి 1722 దాకా ఏలాడు. మీ ఇంట్లో మూడొందల ఏళ్ళు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చూశారా, ఎవరో ఈ అక్షరాలు చదివి మీ ముత్తాతగారికి చెప్పుంటారు.

కానీ చైనా పింగాణీలో అడుగున రాసిన పేరుని బట్టి వయసు కట్టకూడదు. పాత చక్రవర్తి పేరు వేయడం వాళ్ళకి మోసం కాదు, పెద్దల పనితనానికి దండం పెట్టడం లాంటిది. ఇంకో చిత్రం ఏంటంటే నిజంగా కాంగ్‌షీ కాలంలో, 1677లో, పింగాణీ కొలిములకి పేరున్న జింగ్‌డెజెన్ ఊరి అధికారి చక్రవర్తి పేరు సామాన్ల మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు, సామాను పగిలితే పేరుకి అపచారమని. అందుకే ఆ కాలపు సామాన్ల మీద చాలాసార్లు ఖాళీ రింగులు ఉంటాయి, లేదా ఆకు బొమ్మో పువ్వు బొమ్మో ఉంటుంది. రాజుగారి కొలిమి సామానైతే మామూలుగా ఆరు అక్షరాలు. ఇలా నీలంతో నాలుగే అక్షరాల కాంగ్‌షీ గుర్తు కనపడితే నేను ముందుగా అనుకునేది 19వ శతాబ్దం చివర, అంటే గ్వాంగ్‌షు చక్రవర్తి కాలం (1875–1908), లేదా దాని చుట్టుపక్కల.

బొమ్మ గురించి కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఆ గీతలు పగిలిన అద్దం కాదండీ, చలికాలం చివర్లో నది మీద మంచు పగులుతున్నట్టు. ఆ పువ్వులు వసంతానికి ముందే ఆకులు రాకుండానే పూసే ప్లమ్ చెట్టువి. చలి పోయి వసంతం వస్తోందని చెప్పే బొమ్మ, అందుకే చైనా కొత్త సంవత్సరానికి ఇలాంటి జాడీల్లో తినేవి పెట్టి ఇచ్చుకునేవారు. ఇంగ్లీషు వాళ్ళు వీటిని జింజర్ జార్ అంటారు, అల్లం మురబ్బా వీటిలో వచ్చేది కాబట్టి. షాపాయన ఇచ్చాడనే కథ నాకు నిజమనే అనిపిస్తోంది.

ఇంకో మూడు ఫోటోలు కావాలి: అడుగున గ్లేజు (గాజులాంటి పూత) లేని రింగు దగ్గరనుంచి తీసినది, మెడ లోపలి అంచు, ఇంకా ఒక పువ్వు బాగా దగ్గరగా. ఎండలో కాదు, కిటికీ పక్క వెలుతురులో తీయండి. ఇంకా దయచేసి కడగొద్దు.

చార్మినార్ చాయ్

అక్కా మా ఇంట్ల ఇసొంటి ఊరగాయ జాడీని మర్తబాన్ అంటరు, మా నానమ్మ ఇప్పటికీ గదే అంటది. ఆ పేరు బర్మాల మర్తబాన్ అనే రేవు ఊరి నుంచి వచ్చిందే, పెద్ద పెద్ద గ్లేజు జాడీలు ఆ రేవు నుంచే ఓడల్ల పోతుండె. మీరు బర్మా నుంచి జాడీ తెచ్చుకొని ఆవకాయ వెట్టిన్రంటే సరైన పనే చేసిన్రు.

హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం పోయి చైనా గది నిదానంగ చూడున్రి, శుక్రవారం బంద్ ఉంటది యాద్ పెట్టుకోన్రి. మంచి నీలం ఎట్లుంటదో కండ్లతోని చూస్తే వంద ఫోటోలు చూసినా రాని అంచనా వస్తది. ఆకుపచ్చ సెలడాన్ ప్లేట్లు కూడా ఉంటయి, వాటినే ఘోరీ అంటరు, విషం కలిసిన అన్నం పెడితే పగుల్తయని పాతకాలం నవాబులు నమ్మేటోళ్ళు. గానీ మ్యూజియం వాళ్ళు ధర చెప్పరు, ఎక్కడైనా అంతే, ధర కోసం పోయి నారాజ్ కావొద్దు.

కొత్తగా చేరా

ఎవరి మాటా వినకండి మేడం, నిపుణులకే తెలీదు చాలాసార్లు. 2022లో ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో అనే ఊళ్ళో ఒకరికి కుటుంబం నుంచి వచ్చిన నీలం తెలుపు చైనా కుండకి వేలం వాళ్ళు రెండు వేల యూరోలు రావచ్చన్నారు, ఫీజులు కలిపి 91 లక్షల యూరోలకి పోయింది!! న్యూయార్క్‌లో ఎవరో మూడు డాలర్లకి కొన్న తెల్ల గిన్నె 2013లో సోథబీస్ వేలంలో 22 లక్షల డాలర్లు పలికింది. మీ జాడీ కూడా అలాంటిదే అయ్యుండొచ్చు, తొందరపడి తక్కువకి ఇచ్చెయ్యకండి.

పింగాణీ ప్రేమి (సింగపూర్)

మీరు చెప్పిన రెండూ జరిగినవే, నేనూ ఆ వార్తలు రాత్రంతా చదివినవాణ్ణే. తొందరపడి అమ్మొద్దన్న మాట వంద శాతం సరైనది. కానీ ఆ రెండిటికీ దీనికీ తేడా చెప్పాలి. ఆ తెల్ల గిన్నె వెయ్యేళ్ళ నాటి సాంగ్ రాజవంశ కాలపు డింగ్ కొలిముల గిన్నె, చెయ్యి తిరిగినవాళ్ళు పట్టుకోగానే చెప్పగలిగింది. ఫ్రాన్స్ కుండ విషయంలో అది 20వ శతాబ్దపుదని వేలం వాళ్ళు పెట్టుకున్న నిపుణుడు అన్నాడు, కొనేవాళ్ళు 18వ శతాబ్దపుదని పోటీపడ్డారు. వేలంలో పాట పెరిగినంత మాత్రాన వయసు తేలిపోదు. 2010లో లండన్ శివార్లలో ఒక చియన్‌లాంగ్ చక్రవర్తి కాలపు కుండ 4.3 కోట్ల పౌండ్లకి పాడారు, పాడినాయన డబ్బే కట్టలేదు, ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళకి చాలా తక్కువకి అమ్మాల్సి వచ్చింది.

మంచు-ప్లమ్ జాడీలు మాత్రం జింగ్‌డెజెన్ కొలిముల నుంచి లెక్కలేనన్ని వచ్చాయి, యూరప్‌కీ అమెరికాకీ మా ఆగ్నేయాసియాకీ అన్నిటికీ. ఫోటోలు రానివ్వండి.

రంగం మనవరాలు (విశాఖ)

ఫోటోలు పెట్టానండీ. గ్లేజు లేని రింగు తెల్లగా, కొంచెం సుద్దలా గరుగ్గా ఉంది. గ్లేజు ఆగిపోయేచోట సన్నగా నారింజ రంగు గీత ఉంది, అది మురికా? ఇంకొక సంగతి, నిన్న ఎవరో ఫోన్ చేశారు, ఎక్కడ నంబరు దొరికిందో తెలీదు, ఈ జాడీలో శక్తి ఉంది, విదేశీ కంపెనీ వాళ్ళు కోట్లు ఇస్తారు, ముందు టెస్టింగ్ ఫీజు 40 వేలు కట్టాలన్నాడు. తమ్ముడు దాదాపు కట్టేసేవాడే.

చార్మినార్ చాయ్

అక్కా కట్టొద్దు కట్టొద్దు. అది రైస్ పుల్లింగ్ బ్యాచే. రాగి చెంబు బియ్యాన్ని గుంజుతదని చెప్పి ముందు టెస్టింగ్ అని, తర్వాత కెమికల్ అని, ఆఖరికి ట్యాక్స్ అని మన రెండు రాష్ట్రాల్ల ఎంతమందిని ముంచిన్రో. మా చిన్నాయన ఎకరం పొలం అమ్ముకున్నడు గిట్లనే, ఇప్పటికీ ఆ మాట తీస్తే ఆయన అన్నం తినడు. కొనెటోడు పైసలిస్తడు, అడగడు. తమ్మునికి ఇది చూపెట్టు.

న్యూజెర్సీ నుంచి

చార్మినార్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడ ఒకసారి పెద్దగా తప్పు చేశాను కాబట్టి చెప్తున్నా. మా పక్కింటి పెద్దావిడ ఊరెళ్ళిపోతూ నాకు ఒక చైనా కుండ బహుమతిగా ఇచ్చారు, ఎవరో దాన్ని లాంప్ చేయడానికి అడుగున కన్నం పెట్టి ఉంది. అంచనా కట్టినాయన్నే అమ్మిపెట్టమన్నాను, అతను తక్కువ చెప్పి తనే కొనుక్కుని మూడు నెలల్లో ఎంతో ఎక్కువకి అమ్ముకున్నాడు. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే, విలువ కట్టేవాడు వేరు, కొనేవాడు వేరు. రాతపూర్వకంగా విలువ కట్టే అప్రైజర్లు ఇక్కడ గంటకి ఇంతనో వస్తువుకి ఇంతనో తీసుకుంటారు, విలువలో ఇంత శాతం కావాలంటే నేను లేచి వచ్చేస్తాను, వాళ్ళ వృత్తి నియమాలు కూడా అది ఒప్పుకోవు.

ఇంకోటి, ఇన్సూరెన్స్ కోసం కట్టే విలువ వేరు, అమ్మితే చేతికొచ్చేది వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఆ కాగితం చూసి అన్నదమ్ములు దెబ్బలాడుకోవడం చూశాను. మీరు తమ్ముడితో పంపకాల లెక్క వేసుకోవాల్సివస్తే ఏ విలువ అడుగుతున్నారో ముందే చెప్పండి.

మీ జాడీ మీద ఇంగ్లీషులో చైనా అని ఎక్కడైనా ఉందా? 1891 నుంచి అమెరికాకి వచ్చే సామాన్ల మీద దేశం పేరు వేయాలని చట్టం వచ్చింది, అందుకే ఆ పదం ఉంటే 1891 తర్వాతది అనుకోవచ్చు.

పింగాణీ ప్రేమి (సింగపూర్)

ఆ సూచన మంచిదే గానీ మీ ఊరు వచ్చిన సామాన్లకే అది పనికొస్తుంది, రంగం వెళ్ళినవాటికి ఆ చట్టంతో పనిలేదు, కాబట్టి ఇంగ్లీషు పదం లేనంత మాత్రాన పాతదని కాదు.

ఇక ఫోటోలు. ఆ నారింజ గీత మురికి కాదు. మట్టిలో ఉండే ఇనుము కొలిమిలో కాలి గ్లేజు అంచున అలా బయటపడుతుంది, చూడగానే నాకు సంతోషమేసింది, ఎందుకంటే అచ్చు వేసిన కొత్త నకళ్ళలో చాలావరకు అది ఉండదు, లేదా రంగు పూసినట్టు మందంగా ఉంటుంది. పువ్వు దగ్గర ఫోటోలో బ్రష్ ఆగిన చోట నీలం చిక్కబడింది, చుక్కల అచ్చు కాదు, చేత్తో వేసిందే. కానీ నీలం ఒకే ముద్దగా, కొంచెం ఊదారంగు వైపు ఉంది. నిజమైన కాంగ్‌షీలో నీలం పొరలు పొరలుగా ఉంటుంది, ఒకే మంచు ముక్కలో లేత నుంచి ముదురుకి మారుతుంది, చూస్తే నీళ్ళలోకి చూస్తున్నట్టుంటుంది. అడుగు రింగు కూడా ఆ కాలంలో నున్నగా కత్తితో చెక్కినట్టుండేది, మీది సుద్దలా ఉందన్నారు.

కాబట్టి నా అభిప్రాయం: చింగ్ రాజ్యం (చైనా చివరి రాజవంశం) చివరి రోజులు, 1880 నుంచి 1910 మధ్య, జింగ్‌డెజెన్. చక్రవర్తిది కాదు, వర్తకుడిది. మీ ముత్తాత చేతికి వచ్చేటప్పటికే దానికి ఇరవై నుంచి యాభై ఏళ్ళుంటాయి. షాపాయన ఇంట్లో వాడుకున్న జాడీ అయ్యుండొచ్చని నేను అనుకుంటున్నా, కొత్తది కొని ఇవ్వలేదు, తన ఇంట్లోది తీసి ఇచ్చాడు.

ఫోటో చూసి చెప్పినమాట మాత్రమే ఇది. పెద్ద వేలం సంస్థలు, క్రిస్టీస్, సోథబీస్, బాన్‌హమ్స్, వాళ్ళ వెబ్‌సైట్లో ఫోటోలు పెడితే ప్రాథమిక అంచనా ఉచితంగా చెప్తారు. అడుగు, చీలిక, కొలతలు, కుటుంబ కథ అన్నీ దాచకుండా రాయండి. ల్యాబ్ టెస్ట్ అని ఎవరైనా అంటే వద్దు, పింగాణీకి కన్నం పెట్టి చిన్న ముక్క తీయాలి, ఖర్చు జాడీ కన్నా ఎక్కువైపోతుంది.

లా పాయింట్ (విజయవాడ)

ఒక విషయం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. వంద ఏళ్ళు దాటిన కళాత్మక వస్తువు ఏదైనా 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే, ఆ చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎక్కడ తయారైందన్న షరతు ఆ నిర్వచనంలో లేదు, చైనాది కదా మనకేంటి అనుకోవద్దు. ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశంలో అమ్ముకోవచ్చు, కానీ దేశం దాటించడానికి మామూలు మనిషికి వీల్లేదు. పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. వంద ఏళ్ళలోపుదే అనుకుంటే పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి పురావస్తువు కాదని సర్టిఫికెట్ తెచ్చుకున్నాకే పంపాలి. వేలం సంస్థకి ఫోటోలు పంపడంలో తప్పులేదు, జాడీని పార్సిల్ చేయొద్దు. పాత సామాన్లు కొనేవాడికి కూడా వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, అది అడగండి.

రంగం మనవరాలు (విశాఖ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాలు రాలేదు, పెద్దమ్మ దగ్గరే ఉన్నాను.

రెండు చోట్లకి ఫోటోలు పంపాను. ఒకరు మా అమ్మకాలకి సరిపోదని మర్యాదగా ఒక లైను రాశారు. రెండోవాళ్ళు 19వ శతాబ్దం చివర, కాంగ్‌షీ గుర్తు తర్వాతి కాలంలో వేసినదే, చీలిక, మూత లేకపోవడం లెక్కలోకి తీసుకుంటే వేలంలో 100 నుంచి 150 పౌండ్లు అని రాశారు. ప్రేమి గారు అన్నట్టే అయింది. తమ్ముడికి చూపించాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే అక్కా ఇంక ఎవరికీ ఇవ్వకు, నీ దగ్గరే ఉంచు" అన్నాడు. ఆ ఫోన్ నంబరు వాడే బ్లాక్ చేశాడు.

బెల్లం గారూ, మీరు రాసిపెట్టమన్నారు కదా, పెద్దమ్మని అడిగాను. ఆవిడకి 82. వాళ్ళ నాయనమ్మ, అంటే ముత్తాత భార్య, చెప్పిన మాటలివి. గొడవలప్పుడు ముత్తాతా ఇంకో ఇద్దరూ ఆ చైనా ఆయన షాపు వెనక గదిలో రెండు రాత్రులు దాక్కున్నారట. పొద్దున్నే ఓడ రేవుకి వెళ్తుంటే దారిలో తినడానికని అల్లం ముక్కలు పాకంలో వేసినవి ఈ జాడీ నిండా ఇచ్చాడట. ఓడలో మూడో రోజుకే అయిపోయాయి, జాడీ మాత్రం తలగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు ఈ సంగతి. షాపాయన పేరు పెద్దమ్మకి తెలీదు.

ఇప్పుడు ఆ చీలిక సంగతి చెప్పండి, బ్లీచ్ పెడితే నూనె మరక పోతుందని ఎవరో అన్నారు. ఫెవిక్విక్ వెయ్యమని ఇంకెవరో.

అనకాపల్లి బెల్లం

తల్లీ, ఇది చదివి ఇంట్లో అందరికీ పెద్దగా చదివి వినిపించాను. మా పెదనాన్నగారు కూడా ఒక చైనా వాళ్ళ ఇంట్లో దాక్కున్నామని చెప్పేవారు, మేం చిన్నపిల్లలం, పట్టించుకోలేదు. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

పింగాణీ ప్రేమి (సింగపూర్)

ఇరవై ఏళ్ళలో నేను కొన్న ఏ జాడీ వెనకా ఇలాంటి కథ లేదండీ, నా దగ్గరున్న ఖరీదైనవాటి వెనక కూడా లేదు.

బ్లీచ్ వద్దు, చీలికలోకి దిగి లోపల ఉప్పులు మిగిల్చి ఇంకా పాడుచేస్తుంది. ఫెవిక్విక్ అసలే వద్దు. ఆ మరక అలాగే ఉండనివ్వండి, అది మీ అమ్మమ్మ ఆవకాయది. వేలితో మెల్లగా మీటి చూడండి, గంటలా మోగితే చీలిక పైపైనే, మొద్దుగా మోగితే లోపలిదాకా ఉంది, అప్పుడు నీళ్ళుగానీ బరువుగానీ పెట్టొద్దు. పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఎత్తేటప్పుడు మెడ పట్టుకోవద్దు, ఒక చెయ్యి అడుగున పెట్టండి. చెక్క మూత లోపలి అంచుకి పలచటి గుడ్డ అంటిస్తే గీసుకోదు.

రంగం మనవరాలు (విశాఖ)

మీటాను, మోగింది, గంటలా కాదు గానీ మొద్దుగా కూడా కాదు. పెద్దమ్మ పక్కనే ఉంది, ఆ చప్పుడు విని చిన్నప్పుడు గరిటె తగిలితే ఇలాగే మోగేదంది. పెద్దమ్మ చెప్పింది మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాను, నాలుగు పేజీలు కాగితం మీద కూడా రాసి జాడీలోనే పెట్టాను.

శ్రీకాకుళం సీతాఫలం

ఈ దారం చదివి మా అత్తగారి బీరువాలో ఉన్న గులాబీ రంగు ప్లేటు తీశానండీ, వాళ్ళ నాన్నగారు కూడా రంగంలోనే ఉండేవారట. అడుగున ఎర్రటి చదరం ముద్ర ఉంది, ఏమీ అర్థం కావట్లేదు. ఫోటో ఎలా తీయాలి?

పింగాణీ ప్రేమి (సింగపూర్)

కిటికీ పక్కన, అడుగు, అంచు, ఒక పువ్వు దగ్గరగా. కొత్త దారం మొదలుపెట్టండి, నేను చూస్తాను. కడగకండి.